సగం కన్నా పెద్దదైన మూడోవంతు

"ఆ టీచరమ్మ పాఠం చెప్పేది చిట్టికా, నీకా?" అన్నారు అత్తగారు, బీన్స్ ఈనెలు తీస్తూ.

కోడలి కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి. రెండు చేతులూ మణికట్ల దాకా రొట్టెల పిండిలో ఉన్నాయి. ఫోన్ ఉప్పు డబ్బాకి చేరగిలబడి ఉంది. చంటిది కింద చాప మీద కూర్చుని గరిటెతో నేలని వాయిస్తోంది. ఫోన్‌లో లెక్కల టీచరమ్మ నల్లబల్ల మీద ఒక గుండ్రం గీసి, దాన్ని నిలువునా చీల్చి, "ఇక్కడ ఒక్క నిమిషం ఆపండి. ఆపి, మీరే ఆలోచించండి. తర్వాతే నేను చెబుతా" అంది. ఆపాలంటే చేతులు కడుక్కోవాలి. కడుక్కుంటే పిండి ఎండిపోతుంది, అత్తగారు ఇంకో మాట అంటారు. అందుకని ఆమె వంగి, ముక్కు కొసతో ఫోన్ మీద నొక్కింది. పాఠం ఆగింది.

"ముక్కుతో కూడా చదువుతున్నావా తల్లీ! మేమెరగం ఇలాంటి చదువులు."

"చిట్టికి చెప్పాలి కదత్తయ్యా. అది ఆటల నుంచి వచ్చేసరికి నాకు అర్థమై ఉండాలి."

అది సగం నిజం. చిట్టి బడిలో లెక్కల టీచరమ్మ పద్ధతే వేరు. పాఠం ముందురోజే తరగతి గ్రూపులోకి వీడియోగా వచ్చేస్తుంది. పిల్లలు ఇంట్లో చూసుకుని వెళ్లాలి. బడిలో ఇక పాఠం చెప్పడం ఉండదు, లెక్కలు చేయడం, ఎందుకలా వచ్చిందని పోట్లాడుకోవడం ఉంటుంది. చిట్టి ఆ వీడియో ఒకసారి చూసి పరుగెత్తి పోతుంది. ఆమె మాత్రం అంట్లు తోముతూ ఒకసారి, బట్టలు ఆరేస్తూ ఒకసారి, చంటిదాన్ని ఒళ్లో వేసుకుని జోకొడుతూ ఇంకోసారి చూస్తుంది. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుతుంది. మళ్లీ అర్థం కాకపోతే మళ్లీ తిప్పుతుంది. ఎన్నిసార్లు తిప్పినా టీచరమ్మ గొంతు అదే గొంతు, విసుగుండదు, ఆవలింత ఉండదు, "ఇంకా అర్థం కాలేదా?" అన్న మాట ఉండదు. మొదటిసారి ఈ సంగతి తెలిసినప్పుడు ఆమె అదే ముక్కని ఊరికే మూడుసార్లు వెనక్కి తిప్పి చూసింది. తను చదువుకునే రోజుల్లో ఒక్కసారి చెయ్యెత్తి, "సార్, ఇంకోసారి చెప్పరా?" అని అడిగింది. "నీ ఒక్కదాని కోసం బండి వెనక్కి తిప్పమంటావా?" అన్నాడాయన. తరగతంతా నవ్వింది. ఆ తర్వాత ఆమె చెయ్యి ఎప్పుడూ లేవలేదు. పదో తరగతిలో చేరిన ఏడే నాన్న పని పోయి ఊరు మారాల్సి వచ్చింది. "ఒక్క ఏడాదే కదా, వచ్చే ఏడు చేరుదువుగాని" అన్నారు. వచ్చే ఏడు అమ్మకి జబ్బు చేసింది. ఆ పై ఏడు పెళ్లి కుదిరింది. పుస్తకాలు ఎవరికిచ్చారో కూడా ఆమెకి గుర్తులేదు. కానీ ఆ నవ్వు గుర్తుంది. ఇప్పుడు, ఇన్నేళ్లకి, ఉప్పు డబ్బాకి ఆనించిన ఈ పగిలిన ఫోన్‌లో, తన ఒక్కదాని కోసం బండి ఎన్నిసార్లంటే అన్నిసార్లు వెనక్కి తిరుగుతోంది. అదీ ముక్కుతో నొక్కితే.

ఆ ఫోన్ భర్తది. కొత్తది కొనుక్కున్నాక పాతది ఇంట్లో పడేశాడు, నంబరు మాత్రం అతని పేరు మీదే ఉంది. అందుకని గ్రూపులో వాళ్లింటి నుంచి ఏం వెళ్లినా దాని పక్కన అతని ఫొటో కనబడుతుంది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఎవరిదో మోటారు సైకిల్ మీద చెయ్యి వేసి నిలబడ్డ ఫొటో. అతను ఫర్నిచర్ షాపులో సేల్స్‌మన్. మనిషి చెడ్డవాడు కాదు. కేకలు వేయడు, చెయ్యెత్తడు. ఇంటికెవరొచ్చినా సోఫాలో వెనక్కి వాలి, "మా ఇంట్లో అన్నీ సగం సగమేనండీ. బయట సగం నాది, లోపల సగం తనది" అంటాడు. వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. ఆమె నవ్వి టీ కప్పులు తీసుకుని లోపలి సగంలోకి వెళ్లిపోతుంది.

టీచరమ్మ పెట్టిన పద్ధతుల్లో ఆమెకి ప్రాణం లేచొచ్చేది ఇంకొకటి ఉంది. దాని పేరు 'ఇంటి చేతులు'. పాఠం చూశాక, ఆ లెక్కని ఇంట్లో దొరికే వస్తువుతో చూపించి వీడియో తీసి గ్రూపులో పెట్టాలి. ముఖాలు కనబడకూడదు. చేతులు, గొంతు చాలు. "పిల్లలే చెప్పక్కర్లేదు, ఇంట్లో ఎవరైనా చెప్పొచ్చు. అమ్మమ్మైనా సరే, అన్నయ్యైనా సరే" అంది టీచరమ్మ. ముఖం కనబడదు అన్న మాటే ఆమెకి రెక్కలిచ్చింది. చిట్టి ఫోన్ పట్టుకుంటే తను బొత్తాలతో గుణకారం చూపించింది. ఉతికిన బట్టలకి పెట్టే క్లిప్పులతో భాగహారం చూపించింది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. తడబాటు లేదు, నసగడం లేదు. మొన్న క్లిప్పుల వీడియోకి టీచరమ్మ, "ఈ ఇంటి చేతులు భలే మాట్లాడతాయి!" అని పెట్టింది. ఆ మాటని ఆమె ఎన్నిసార్లు చదువుకుందో చెబితే నవ్వుతారు. గ్రూపులో తల్లిదండ్రులు మాత్రం వీడియో తెరవకుండానే పక్కనున్న ఫొటో చూసి, "సూపర్ సార్", "చిట్టి నాన్నగారూ, మీకు ఓపిక ఎక్కువండీ" అని పెట్టారు. ఆ సాయంత్రం అతను అవి చూసుకుని, "చూశావా, మనకెంత పేరొచ్చిందో" అన్నాడు. మనకి. ఆమె ఆ మాటని కూడా సంతోషంగానే దాచుకుంది.

అలా సాగిపోతుంటే వచ్చిపడింది ఆ సగం, మూడోవంతుల పాఠం.

"ఏది పెద్దది, సగమా మూడోవంతా? ఇంటి చేతులతో చూపించండి" అంది టీచరమ్మ. చిట్టి తేల్చేసింది. "మూడోవంతే పెద్దది. రెండు కన్నా మూడు పెద్దది కదమ్మా, ఆ మాత్రం తెలీదా?" ఆమెకి తెలుసు, కానీ చెప్పబోతే మాటలు ముడిపడిపోయాయి. చూపించాలి. చూపిస్తే తనకీ గట్టిపడుతుంది. రాత్రి రొట్టెలకి ఎలాగూ పిండి కలుపుతోంది. చిట్టి పక్కింటికి ఆడుకోవడానికి పోయింది. ఆమె ఫోన్‌ని రెండు గ్లాసుల మధ్య ఇరికించింది. చంటిది కాళ్లకి చుట్టుకుని ఉంది. పొయ్యి మీద పాలున్నాయి. రెండు ముద్దలు చేసింది, రెండు రొట్టెలు ఒత్తింది, ఒకదాన్ని రెండు ముక్కలు కోసింది, ఇంకోదాన్ని మూడు ముక్కలు కోసింది. సగం ముక్కనీ మూడోవంతు ముక్కనీ పక్కపక్కన పెట్టే సమయానికి పాలు గిన్నె అంచు దాకా వచ్చాయి. కళ్లు పాల మీద, చెయ్యి పొయ్యి బటన్ మీద, గొంతు మాత్రం ఫోన్ వైపు. "చూశారా పిల్లలూ! సగం ఎంత పెద్దగా ఉందో, మూడోవంతు ఎంత చిన్నగా ఉందో!" అని ఘనంగా ముగించింది. పాలు పొంగలేదు. ఆ ఆనందంలోనే ముక్కుతో పంపించేసింది.

చంటిదానికి పాలు పట్టి వచ్చేసరికి ఫోన్ మిణుకుమంటోంది. చిట్టి తరగతిలో ఒక పిల్లకి ఎప్పుడూ జలుబే. ముక్కుదిబ్బడ గొంతుతో పంపింది. "ఆంటీ... ఆంటీ... మూడోవంతే పెద్దగా ఉంది కదా? సగం చిన్నగా ఉందేంటి?"

ఆమె వీడియో తెరిచి చూసింది. నిజమే. తన గొంతు సగం పెద్దదని చాటింపు వేస్తోంది, తెర మీద మాత్రం మూడోవంతు ముక్క బోర్లాపడ్డ పళ్లెంలా వెడల్పుగా ఉంది, సగం ముక్క దాని పక్కన బిక్కుబిక్కుమంటోంది. ఎత్తిన చెయ్యి, ఆ నవ్వు, సారు మాట, అన్నీ ఒక్కసారిగా వంటింట్లోకి వచ్చి నిలబడ్డాయి. తీసేద్దామంటే అప్పటికే అందరూ చూసేశారు. ఎవరో నవ్వుతున్న బొమ్మలు పెట్టారు.

అతను షాపు నుంచి వస్తూనే చెప్పులు ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ విసిరాడు. "ఏంటిది? మా షాపులో బిల్లింగ్ అతని కొడుకు కూడా ఆ క్లాసే కదా. అందరి ముందు ఏమన్నాడో తెలుసా? 'ఏం గురూ, మీ ఇంట్లో సగం కన్నా మూడోవంతు పెద్దదట! అయితే జీతం సగం ఎందుకు, మూడోవంతే పెంచమని అడుగు' అన్నాడు. కస్టమర్ల ముందు! నా ఫొటో పక్కన నీ తప్పేంటి అసలు?"

మెచ్చుకున్నప్పుడు కూడా మీ ఫొటో పక్కనే ఉంది కదా, అప్పుడు 'మనకి' అన్నారే అని ఆమెకి నాలుక చివరి దాకా వచ్చింది. వంగి, అతని చెప్పులు జతచేసి గోడవారన పెట్టింది.

"చదువు మధ్యలో వదిలేసిన దానివి, ఎందుకొచ్చిన గొడవే అమ్మాయ్," అన్నారు అత్తగారు, మెత్తగానే. "పిల్ల చదువు టీచరు చూసుకుంటుంది. నీ పని నువ్వు చూసుకో."

"రేపు ఆ టీచరుకి చెప్పి వీడియో తీసేయించు," అన్నాడతను. "లేదంటే గ్రూపులోంచి నేనే బయటికొచ్చేస్తా. చిట్టి ఎవరి దగ్గరైనా అడిగి రాసుకుంటుంది."

చిట్టి నిజంగానే ఎవరినైనా అడిగి రాసుకుంటుంది. తను? తను ఎవరిని అడగాలి? తన బండి అక్కడితో ఆగిపోతుంది, రెండోసారి.

మర్నాడు అతను షాపుకి వెళ్లాక ఆమె వీడియో తీసేయమని చెప్పడానికే ఫోన్ తీసింది. అప్పటికే టీచరమ్మ నుంచి ఆమెకి విడిగా ఒక మాట వచ్చి ఉంది. ఆమె దాన్ని చెవికి ఆనించుకుని వింది. వెనకాల గంట, పిల్లల గోల, వాటి మీదుగా ఆ గొంతు. "చిట్టి అమ్మగారూ, నమస్తే. ఫొటో చిట్టి నాన్నగారిదైనా, గొంతు మీదేనని నాకు తెలుసులెండి. మీ వీడియో చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డానంటే నమ్మండి! మా క్లాసులో 'ఈ వారం తప్పు' అని ఒకటుంది కదా. ఎవరో ఒకరి తప్పు తీసుకుని అందరం కలిసి ఆలోచిస్తాం. మొదటి వారం నా తప్పే పెట్టా. ఈ వారం మీది పెట్టుకోనా? వద్దంటే ఇప్పుడే తీసేస్తా, ఇందులో మొహమాటం ఏమీ లేదు. కానీ నాకైతే ఉంచాలని ఉంది. పిల్లల్ని ఎవరిది తప్పు అని అడగను. ఒకటే అడుగుతా: తెలివైన మనిషి ఈ తప్పు ఎందుకు చేసి ఉంటుంది?"

ఆమె మళ్లీ వింది. వెనక్కి తిప్పి ఆ చివరి వాక్యం మాత్రమే మళ్లీ వింది. తెలివైన మనిషి. ఆ మాట పుట్టింట్లో అన్నయ్యకి అనేవాళ్లు. ఈ ఇంట్లో, సోఫా ఎవరికైనా అంటగట్టిన రోజు, భర్తకి అంటారు. తన విషయంలో 'ఓపిక', 'అణకువ', 'చెప్పినట్టు వింటుంది', ఇవే. తెలివైన మనిషి అన్న మాట తన తప్పు పక్కన పెట్టి చెప్పారు ఎవరో, మొట్టమొదటిసారి! ఒంట్లో ఎక్కడో కిటికీ తెరిచినట్టయింది. కానీ అతను గ్రూపులోంచి వెళ్లిపోతానన్నాడు. ఉంచమంటే పాఠాలే పోవచ్చు. తీసేయమంటే పాఠాలుంటాయి, తను మళ్లీ చెయ్యెత్తని పిల్లలా ఉండిపోతుంది. గొంతు రికార్డు చేసే గుర్తు నొక్కి, "ఉంచండి టీచర్" అంది. తర్వాత, గొంతు చిన్నదైపోయిందేమోనని, ఇంకోసారి నొక్కి, "ఉంచండి!" అంది.

"ఎవరితోనే ఆ కేకలు?" అన్నారు అత్తగారు అవతలి గదిలోంచి.

"ఎవరితోనూ కాదత్తయ్యా!" అంది. ఎందుకో నవ్వొచ్చింది.

ఆ రోజు ఆమె ఏ పని చేసిందో, ఎలా చేసిందో ఆమెకే తెలీదు. బడిలో టీచరమ్మ ప్రశ్న వేసి, పిల్లలు చెప్పేవి తన ఫోన్‌లోనే రికార్డు చేసి గ్రూపులో పెట్టసాగింది. మధ్యాహ్నం నుంచే పిల్లల గొంతులు ఒకటొకటిగా గ్రూపులోకి రాలడం మొదలైంది. ఆమె ఇల్లు తుడుస్తూ విన్నది. "ఆంటీ మూడు ముక్కలు సమానంగా కోయలేదు టీచర్." "కత్తికి పదును లేదు, మా ఇంట్లో కత్తి కూడా అంతే." ఒకడు, "ఆంటీకి పాలు పొంగుతున్నాయి టీచర్, సౌండ్ వినండి" అన్నాడు. ఆమె చీపురు పట్టుకునే పకపకా నవ్వింది. తన పాల మీద కూడా ఇంతమంది మనసు పెట్టారా! చివరికి ముక్కుదిబ్బడ పిల్ల వచ్చింది. "టీచర్! రెండు రొట్టెలూ ఒకే సైజు కాదు! ఒకటి పెద్దది, ఒకటి చిన్నది! చిన్నదాంట్లో సగం తీసుకుని, పెద్దదాంట్లో మూడోవంతు తీసుకున్నారు!"

"శభాష్!" టీచరమ్మ గొంతులో ఉత్సాహం పొంగిపోయింది. "మొత్తం ఒకటే కాకపోతే భాగాల్ని పోల్చలేం. ఇది పెద్దయ్యాక కూడా మర్చిపోకండి. సరే, నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఒకే పిండి, అవే చేతులు. మరి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఎందుకు చేశారు?"

అంతలో బడి గంట మోగి, ఆ ప్రశ్న అలాగే గ్రూపులో ఉండిపోయింది.

ఆమె చీపురు గోడకి ఆనించి, తన వీడియో తనే తెరిచింది. ఈసారి గొంతు పూర్తిగా తగ్గించేసి, చేతుల్ని మాత్రం చూసింది. కుడిచెయ్యి పిండిలో మునిగి నిండుగా ఒక ముద్ద తీసింది, గుండ్రంగా చేసి ముందుకు నెట్టింది. తర్వాత అదే చెయ్యి, ఆలోచించనైనా ఆలోచించకుండా, కొంచెం పిండి గిల్లి చిన్న ముద్ద చేసి పక్కకి పెట్టింది. ఎవరో నేర్పిన నాట్యంలా ఉంది, ఒక్క తడబాటు లేదు. ఈ చేతులు ఎవరివి? నావేనా? మళ్లీ వెనక్కి తిప్పింది. మళ్లీ నిండు ముద్ద, మళ్లీ గిల్లిన ముద్ద. బడి నుంచి వచ్చిన చిట్టి సంచీ దింపకుండానే ఆమె భుజం మీదుగా తొంగిచూసింది.

"పెద్దది నాన్నది," అంది చిట్టి. "చిన్నది నీది. టీచర్ అడిగినప్పుడే నాకు తెలుసు."

"తెలిస్తే చెప్పలేదేం?"

"ఇందులో చెప్పడానికేముంది? ఎప్పుడూ అంతే కదమ్మా. నాన్నది పెద్దది, నాది మీడియం, నీదీ నానమ్మదీ చిన్నవి." చిట్టి ఒక కాలికి చెప్పు విప్పుతూ, లెక్క అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. "నాకు పెళ్లయ్యాక నాదీ చిన్నదైపోతుంది. చెల్లిది కూడా."

ఆమె చిట్టి వంక చూసింది. పిల్ల ముఖంలో ఏ బాధా లేదు. అదే ఆమెని నిలువునా కోసేసింది. తను ఏ వీడియో తీయకుండానే, ఏ గ్రూపులో పెట్టకుండానే, రోజూ రెండు పూటలా ఈ పాఠం చెబుతోందన్నమాట. ఎంత బాగా వచ్చేసింది పిల్లకి! పెళ్లయిన కొత్తలో అత్తగారు తన చెయ్యి పట్టుకుని మరీ నేర్పించారు: "ముందు మగవాళ్లకి నిండుగా చెయ్యి. మిగిలిన పిండితో మనకి. మనం ఎక్కడికి పోతాం చెప్పు, ఇంట్లోనే కదా ఉంటాం." అత్తగారికి ఎవరు నేర్పారో. ఎవరూ కొట్టి నేర్పలేదు. ఆకలితో పడుకున్నదీ లేదు. అందుకే ఇది ఎప్పుడూ తప్పులా కనబడలేదు. 'సగం సగం' అని అతను సోఫాలో వాలి అన్నప్పుడల్లా తను నవ్వింది, ఎందుకంటే సగం అన్న మాట ఎంత పెద్దగా వినబడుతుంది! ఏ రొట్టెలో సగమో ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు. తీరిక సంగతి? నిద్ర సంగతి? అతనికి జ్వరమొస్తే ఇల్లంతా మంచం చుట్టూ తిరుగుతుంది, తనకి జ్వరమొస్తే ఒక మాత్ర వేసుకుని పొయ్యి దగ్గర నిలబడుతుంది. అతని మూడోవంతు తన సగాన్ని ఎప్పుడో దాటేసింది. ఆమెకి ఏడుపు రావాల్సింది. రాలేదు. దానికి బదులు, లెక్క పడ్డప్పుడు వచ్చే ఆ జలదరింపు వచ్చింది, వెన్ను కింద నుంచి పాకుతూ మాడు దాకా. అర్థమైంది! నాకు అర్థమైంది!

ఆమె ఫోన్‌ని గ్లాసుల మధ్య ఇరికించింది. చేతులు కడుక్కుంది, ఈసారి తాపీగా. ఏ పిండీ తీసుకోలేదు. ఖాళీ చేతులు రెండూ బల్ల మీద పరిచి పెట్టి, మొదలుపెట్టింది.

"పిల్లలూ, పెద్దలూ, ఆ తప్పు చేసింది చిట్టి నాన్నగారు కాదు. నేను, చిట్టి వాళ్లమ్మని. టీచర్ అడిగారు కదా, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఎందుకు చేశానని. మా ఇంట్లో పెద్ద రొట్టె చిట్టి నాన్నది, చిన్న రొట్టె నాది. నా చేతులకి అదే అలవాటు. లెక్క కోసం చేస్తున్నానని చేతులకి తెలీలేదు. అందుకే నా సగం కన్నా ఆయన మూడోవంతు పెద్దదైంది. ఇప్పుడు మీరు ఒక పని చేయండి. ఇవాళ మీ ఇంట్లో రొట్టెలు చేసేటప్పుడు ముద్దలు చూడండి. ఎవరిది ఎంతో చూసి, రేపు టీచరుకి చెప్పండి."

పంపేసింది. ముక్కుతో కాదు, వేలితో.

ఇక గ్రూపులో తుఫానే. ముందు ఒక తల్లి, "మా ఇంట్లో అంచు విరిగిన రొట్టె నాది" అని పెట్టింది. ఇంకొకావిడ, "మా ఇంట్లో మాడింది నాదండీ. నాకు మాడిందే ఇష్టమని మా పిల్లలు అనుకుంటున్నారు" అని గొంతు పంపింది, చివర్లో నవ్విందో ఏడ్చిందో తెలీలేదు. ఇన్నాళ్లూ ఒక్క మాటా పెట్టని నంబర్లు, పూల బొమ్మలు తప్ప ముఖం లేని నంబర్లు, గొంతులు విప్పాయి. ఆమె ఒకటి వినేలోపు ఇంకొకటి. అన్నిటి తర్వాత టీచరమ్మ ఆమెకి విడిగా పంపింది. "చిట్టి అమ్మగారూ, నేను ఇన్నేళ్లుగా భిన్నాలు చెబుతున్నాను. 'మొత్తం' అంటే ఏంటో ఇంత బాగా పట్టి చూపే ఉదాహరణ నాకెప్పుడూ దొరకలేదు. మా టీచర్లకి ఒక గ్రూపుంది, వేరే వేరే బళ్లవాళ్లం పాఠాలు పంచుకుంటాం. మీరు సరేనంటే ఇది అక్కడ పెడతా. ఇంకో మాట. మధ్యలో చదువు ఆపేసినవాళ్ల కోసం నేనూ ఇంకో టీచరూ ఫోన్‌లోనే క్లాసు పెడుతున్నాం, పదో తరగతి పరీక్షకి. రోజూ సాయంత్రం. ఇవాళే మొదలు. లింకు పంపుతున్నా. రండి. తప్పులు చేసేవాళ్లే కావాలి నాకు."

సాయంత్రం. అందరికీ ఆకలేసే వేళ. ఆమె గోడ గడియారం వంక, పిండి వంక, ఫోన్ వంక చూసింది. తర్వాత పిండి మొత్తాన్ని ఒక్క ముద్దగా చేసి, సగం, సగంలో సగం, అలా కోసుకుంటూ పోయింది. అన్నీ ఒక్కలాగే వచ్చేదాకా ఒకదాంట్లోంచి గిల్లి ఇంకోదానికి అద్దింది. తన ముద్దని అరచేతిలో పెట్టుకుంటే ఎంత బరువుగా ఉందో!

అతను వచ్చేసరికి ఇంట్లో అందరూ బల్ల దగ్గరున్నారు. ఈసారి చెప్పులు విసరలేదు. అతని ముఖంలో కోపం ఉందో, నవ్వుందో అతనికే తెలిసినట్టు లేదు. "బిల్లింగ్ అతను మళ్లీ పట్టుకున్నాడు," అన్నాడు. "'గురూ, మీ ఆవిడ పుణ్యమా అని మా ఆవిడ ఇందాకే ఫోన్ చేసింది, రాత్రికి నా రొట్టెని స్కేలు పెట్టి కొలుస్తుందట' అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, మీ ఆవిడ గట్టిదిరా అని." పాత ఫోన్ అందుకుని గ్రూపు తెరిచాడు. బయటికి వచ్చేయడానికే తెరిచాడో ఏమో. ఒక్కొక్కటే పైకి జరుపుతూ చదివాడు, ఒకటి రెండు గొంతులు విన్నాడు. ఆమె పీట మీద రొట్టె ఒత్తుతూనే ఉంది కానీ, కర్ర కింద ఏముందో ఆమెకి తెలీడం లేదు. అతని బొటనవేలు ఎటు కదులుతుందో, ప్రాణమంతా అక్కడే ఉంది.

అతని వేలు టీచరమ్మ ఆమెకి విడిగా పంపిన మాట మీదికి జరిగి, ఆ లింకు దగ్గర ఆగింది. "టీచర్ల గ్రూపులో పెడతారటా? క్లాసా? నీకా?"

"ఊఁ. ఇవాళే మొదలు. ఇంకాసేపట్లో."

అత్తగారు తన పళ్లెంలోకి చూసుకుని, రొట్టె అటూ ఇటూ తిప్పారు. "ఇదేంటే, నాకింత పెద్దది పెట్టావ్? వాడిది నాకు పెట్టావేమో చూడు."

"కాదత్తయ్యా. మీదే."

ఆవిడ చిట్టి పళ్లెం చూశారు, కొడుకు పళ్లెం చూశారు. తర్వాత తల వంచుకుని తినడం మొదలుపెట్టారు. కొంచెం కూడా వదలలేదు.

అతను తన రొట్టె చేత్తో పట్టుకుని ఒక్క క్షణం చూశాడు, ఇంకొకటి కావాలా అన్నట్టు కాదు, ఇది తనదేనా అన్నట్టు. తర్వాత నవ్వేశాడు. సోఫా అమ్మేటప్పుడు నవ్వే నవ్వే, కానీ కొంచెం బెదురు కలిసింది. ఫోన్‌ని ఆమె వైపు నెట్టాడు. "సరే, చదువుకో. నేనేమన్నా వద్దన్నానా? నువ్వు చదువుకుంటే ఇంటిపని సగం నేను చేస్తాలే. మనింట్లో అన్నీ సగం సగమే కదా."

ఇన్నాళ్లూ ఆ మాటకి నవ్వే పెదవులు నవ్వబోయి ఆగాయి. ఫోన్ మోగింది. క్లాసు. తెర మీద పగులు అవతల ఎవరెవరివో చేతులు, కొన్ని ముడతలు పడ్డవి, కొన్ని తడివి. ఆమె పొయ్యి ఆపింది. చంటిదాన్ని ఎత్తి అతని ఒళ్లో కూర్చోబెట్టింది. చేతులు తుడుచుకుని, ఫోన్ తీసుకుని, గది గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"ముందు మొత్తం ఎంతో లెక్కేసి ఉంచండి," అంది. "క్లాసు అయ్యాక వచ్చి సగం చేద్దాం."